885 అడుగుల పైన

మా అంగలకుదురులో నేలంతా ఒకటే మట్టం. తెనాలి నుంచి గుంటూరు పోయే రైలు కట్ట తప్ప ఎత్తైన చోటు లేదు. మా దగ్గర మెరక చేను అంటే పక్క చేను కంటే జానెడు ఎత్తున్నదని అర్థం. ఆ జానెడు ఎక్కించటానికి నీళ్ళు కట్టేవాళ్ళు రాత్రుళ్ళు పార పట్టుకుని గట్ల మీద కాపలా కాసేవాళ్ళు. ఇటువంటి చోట పుట్టినవాళ్ళకి కొండ అంటే రైలు కిటికీలోంచి కనపడే మంగళగిరి, అంతే. కనపడుతుంది, వెళ్ళిపోతుంది.

అయినా ఒక పర్వతం మాత్రం మా ఇంటికి రోజూ వచ్చేది, పేపర్లో. జిల్లా పేజీలో ఒక మూల ప్రాజెక్టుల నీటిమట్టాలు వేస్తారు గదా, నాన్న పేపరు తెరవటమే అక్కడ తెరిచేవాడు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590. ఆ తర్వాత మా కాలవలకు నీళ్ళు వదిలే ప్రకాశం బ్యారేజీ 57. (పులిచింతల, దాని 175, తర్వాత వచ్చి చేరాయి.) ఇంజనీరింగు చదివాక నాకు అర్థమైంది, అదొక మెట్లదారి అని. కృష్ణ ఒక్కో మెట్టూ దిగుతూ మా బోదె దాకా వస్తుంది. నాన్నకి ఆ మాట చెబితే, "మేం పైమెట్టు వంక చూస్తా ఉంటాం, మీరు ఇప్పుడు లెక్కేశారా?" అన్నాడు.

ఆయన చదివింది తొమ్మిది. సొంతం రెండెకరాలు, కౌలు నాలుగు. 2002లోనూ ఆ మరుసటేడూ పైనుంచి నీళ్ళు సరిగా రాలేదు. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో 885 అనే అంకె దేవుడి పేరులాగా వినపడింది. తిరిగి ఆ అంకెకి భయపడింది 2009 అక్టోబరులో. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టాన్ని దాటి పదడుగుల పైన లేచింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చింది, కింద ఓలేరు దగ్గర కరకట్ట తెగి రేపల్లె వైపు ఊళ్ళు మునిగాయి. నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. నాన్న ఫోన్లో వరద గురించి కాదు, డ్యాము నిలిచిందా లేదా అని అడిగాడు. నిలిచింది.

నాన్న ప్రతి శివరాత్రికీ శ్రీశైలం నడిచి వెళ్ళేవాడు. దోర్నాల మీదుగా బస్సులుండగా, నల్లమలలో రెండు రోజులు నడిచి. వచ్చాక విభూతి ఇచ్చేవాడు, కాళ్ళకి కొబ్బరినూనె రాసుకునేవాడు, ఏమీ చెప్పేవాడు కాదు. ఒక్కటే చెప్పేవాడు: పాతాళగంగలో ఈసారి ఎన్ని మెట్లు బయటపడి ఉన్నాయో. ఎక్కువ మెట్లు పొడిగా కనపడితే జలాశయంలో నీళ్ళు తక్కువని. అది విని మా వీధిలో ఇంకో ఇద్దరు రైతులు తల పంకించేవాళ్ళు. అంతటితో తీర్థయాత్ర కబుర్లు సరి.

2019లో నాన్న పోయారు. ఆ తర్వాత చాలా రోజులకి అమ్మ, ఏ సందర్భమూ లేకుండా, కూరగాయలు తరుగుతూ అడిగింది: "ఆయన ఎందుకు పొయ్యేవాడో చూడాలిరా. నడిపిస్తావా?" అమ్మకి అరవై ఒకటి. మోకాళ్ళ డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. నేను బెంగళూరులో రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చునే మనిషిని. ఇద్దరిలో ఎవరు ముందు చేతులెత్తేస్తారా అన్నదే అసలు ప్రశ్న.

ఆ దారి ఎప్పుడు పడితే అప్పుడు నడవటానికి వీల్లేదు. అది పులుల అభయారణ్యం. శివరాత్రికీ ఉగాదికీ కొద్ది రోజులు మాత్రం అటవీశాఖ భక్తుల్ని వదులుతుంది. ఉగాదికి కన్నడిగులు వేలల్లో వస్తారు, భ్రమరాంబ వాళ్ళకి ఆడపడుచు. శివరాత్రికి మన వాళ్ళు. రెండు నెలలు అమ్మ పొద్దున్నే కాలవ కట్ట మీద నడిచింది. నేను ఆఫీసు దగ్గర లిఫ్టు మానేశాను. అదే మా శిక్షణ.

మరో శిక్షణ పుస్తకాల్లో దొరికింది. ఈ దారి గురించి తెలుగులో రాసినవాళ్ళు పాతకాలం నుంచీ ఉన్నారు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక భాగమే ఉంది. పర్వతం అంటే చాలు, శ్రీశైలమే. వేరే పేరు అక్కర్లేదు. ఆ తర్వాత ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న బయల్దేరి కాశీ వెళుతూ ఆత్మకూరు మీదుగా ఈ కొండ ఎక్కాడు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను: మేము నడిచిన మజిలీలే. కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్ళీ వేయించారు.

ఈ పుస్తకం మీద నా స్నేహితుల్లో ఒక ఫిర్యాదు ఉంది. అంత అడవి దాటిన మనిషి అడవి అందం గురించి నాలుగు ముక్కలు రాయలేదేం, ఎంతసేపూ ఆమడలూ బావులూ అంగళ్ళూ తప్ప, అని. నాకు ఆ ఫిర్యాదు ఎప్పుడూ రుచించలేదు. వెనక వందమంది దాకా పరివారాన్ని పెట్టుకుని వేసవిలో నల్లమల ఎక్కే మనిషికి ఫలానా చోట నీళ్ళున్నాయి అన్న వాక్యం వర్ణన కాక మరేమిటి? ఆయన కొండని నీళ్ళతో కొలిచాడు. నాన్న పేపర్లో చేసిందీ అదే. ఇద్దరూ ఒకే రకం పాఠకులు.

గుంటూరు నుంచి నంద్యాల రైలెక్కాం. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, కంభం. బొగద దగ్గర సొరంగాల్లోంచి పోతుంటే అమ్మ, "కొండ కిందనుంచే పోతున్నాంగా, పైకెక్కటం ఎందుకూ?" అని నవ్వింది. నంద్యాల నుంచి ఆత్మకూరు, అక్కడనుంచి వెంకటాపురం ఆటోలో. తెల్లవారుజామున చెక్‌పోస్టు దగ్గర సంచులు తనిఖీ చేశారు. ప్లాస్టిక్ సీసాలు తీసేయమన్నారు. కొందరు తీశారు. దారి పొడుగునా తీయనివాళ్ళ సంగతి కాళ్ళకి తగులుతూనే ఉంది. భక్తి గురించి నాకు పెద్దగా తెలియదు గానీ, పులి ఇంట్లోంచి నాలుగు రోజులు దారిచ్చిన మర్యాదకి మనం బదులిచ్చే తీరు మాత్రం సిగ్గుచేటు.

నాగలూటి దగ్గర పాడుబడ్డ వీరభద్రుడి గుడి, అది దాటాక రాతి మెట్లు. అరిగి నున్నబడ్డ బండలు. కొండవీటి రెడ్లకి మూలపురుషుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని శాసనాలున్నాయి. మా గుంటూరు సీమ రాజు, మా నేల మట్టంగా ఉండబట్టే కాబోలు మెట్ల మీద అంత శ్రద్ధ పెట్టాడు. అమ్మ ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి తీసుకుని, అప్పుడు పై మెట్టు. చూస్తే చాలా నెమ్మది. కానీ ఎక్కడా ఆగలేదు. నేను గబగబా పది మెట్లెక్కి, కూర్చుని, ఆవిడ నన్ను దాటి పోతుంటే మళ్ళీ లేచేవాణ్ణి.

ఆ ఎక్కుడు అయిపోయాక ఒక విచిత్రం. కొండ అయిపోతుంది. అంటే, ఎక్కటం అయిపోతుంది, కొండ ఉంటుంది. శిఖరం అంటూ ఏదీ రాదు, ఎదురుగా సాపుగా అడవి. ఆకు రాలిన తునికి, మద్ది చెట్ల మధ్య ఎర్రటి మోదుగ పూలు, కింద ఎండుటాకుల చప్పుడు. భూగర్భ శాస్త్రజ్ఞులు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే ఈ గట్టి రాతి పొరలు ఒకదాని మీద ఒకటి అట్టలు పేర్చినట్టు దాదాపు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. నల్లమలలో మిగతా చోట్ల పొరలు ముడతలు పడి వంగితే, ఇక్కడ పైపొర చదునుగా నిలిచింది. అందుకే పైన మైదానం లాంటి పీఠభూమి. కృష్ణ, దానిలో కలిసే వాగులు ఆ పీఠాన్ని కత్తితో కోసినట్టు లోతుగా కోసుకుంటూ పోయాయి. ఎక్కేవాడికి దీని ఫలితం ఏమిటంటే, ఈ కొండలో కష్టం ఎత్తుల దగ్గర లేదు, లోయల దగ్గర ఉంది.

స్కాట్లండులో కెయిర్న్‌గార్మ్ అనే ఎత్తైన పీఠభూమి ఉంది. అక్కడే జీవితమంతా నడిచిన నాన్ షెపర్డ్ రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో ది లివింగ్ మౌంటెన్ అనే చిన్న పుస్తకం రాసి, సొరుగులో పెట్టి, 1977లో గానీ ప్రచురించలేదు. కొండ మీదికి కాదు, కొండలోకి వెళ్ళాలి అన్నది ఆవిడ పట్టు. పైకి ఎక్కాక ఆవిడ వెతికింది కూడా నీళ్ళనే, డీ నది పుట్టే ఊటల్ని. పర్వతారోహణ పుస్తకాల్లో నాకు నచ్చని జెండాలు పాతే గోల ఆ పుస్తకంలో లేదు. వీరాస్వామయ్య పక్కన కూర్చోబెట్టదగ్గ మనిషి. ఇద్దరికీ పరిచయం చేస్తే ముందు ఊటల గురించే మాట్లాడుకునేవాళ్ళు.

పెద్దచెరువు దగ్గర రాత్రి ఆగాం. కొండ పైన, అడవి నడుమ చెరువు. మా దగ్గర చెరువంటే ఊరికి పల్లాన ఉంటుంది. ఇక్కడ ఇంత పైన ఉండటం చూసి అమ్మ చాలాసేపు ఒడ్డున నిలబడింది. "ఇది నిండితే ఎటు పోద్దీ నీళ్ళు?" అంది. వాగుల్లోకి, వాగుల్నుంచి కృష్ణలోకి అన్నాను. "అయితే మనక్కూడా కాస్త వస్తదన్నమాట."

పక్కనే చెంచు గూడెం. అన్నదానం గుడారాల మైకుల్లోంచి పాటలు మోగుతుంటే, గూడెం మనుషులు దూరంగా నిలబడి ఈ జాతర ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు చూస్తున్నారు. ఒకావిడ అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ పాదాలు చూసి, "బూట్లు ఇప్పెయ్, ఏళ్ళు ఊపిరి పీల్చుకుంటయ్" అంది. వీరాస్వామయ్య కూడా ఈ దారిలో చెంచుల గురించి రాశాడు. కృష్ణకి అవతల ఒడ్డున అమ్రాబాదు పీఠభూమి మీద చెంచులతో తిరిగి హైమెన్‌డార్ఫ్ 1943లో ఒక పుస్తకమే వేశాడు. ఎవరు రాసినా, ఎవరు వచ్చిపోయినా, ఇక్కడే ఉన్నవాళ్ళు వీళ్ళు. మల్లన్నని చెంచు మల్లయ్య అంటారు, ఆయన తమ ఇంటి అల్లుడని. ఇప్పుడు అడవిలోంచి బయటికి వచ్చేయమని వీళ్ళకి చెప్పే మాట తరచు వినపడుతుంది. పులి కోసం. ఏడాదికి కొద్ది రోజులు లక్షల కాళ్ళు ఇందులోంచి పోవచ్చు, మైకులు పెట్టవచ్చు. ఏడాది పొడుగునా చప్పుడు చేయకుండా ఉండేవాళ్ళ దగ్గర మాత్రం లెక్క అడుగుతాం. ఆవిడతో నేనీ మాట అనలేదు. ఆవిడ అమ్మని అడిగింది, "మీ ఊళ్ళో అడివి లేదా?" అని. "లేదమ్మా. అంతా వరే." "మరి కట్టెలకి?" అమ్మ దగ్గర జవాబు లేదు.

రెండో రోజు భీముని కొలను. ఇక్కడే పీఠభూమి ఒక్కసారిగా చీలిపోతుంది. సాపుగా నడిచొచ్చినవాళ్ళం నిట్టనిలువు లోయలోకి దిగాలి, అడుగున కొలను దగ్గర ఆగి, అవతలి గోడ ఎక్కాలి. దిగటం అమ్మ మోకాళ్ళకి ఎక్కటం కంటే కష్టమైంది. ఒక చోట కూర్చుని జారింది. మరో చోట ఎవరో కుర్రాడు, మాకు ముక్కూమొహం తెలియనివాడు, "పెద్దమ్మా, నా భుజం పట్టుకో" అని చివరిదాకా దించి, తన దారిన పోయాడు. అడుగున నీళ్ళు చల్లగా ఉన్నాయి. అమ్మ మొహం కడుక్కుని పైకి చూసింది. మెట్లు, మెట్ల మీద మనుషులు, వాళ్ళ మీద మనుషులు, ఆ పైన సన్నటి ఆకాశం.

"ఇంక నావల్ల కాదురా" అంది. మామూలుగా అంది, ఏడుపు లేదు, అలసట లేదు. చెక్‌పోస్టు దగ్గర అన్నట్టే అంది. నాకు భయమేసింది. అక్కడ బండి రాదు, ఫోను పలకదు. వెనక్కి పోవాలన్నా ఎక్కాలి, ముందుకు పోవాలన్నా ఎక్కాలి. ఆవిడ గుండె, రక్తపోటు, డాక్టరు మాట, ఊళ్ళో వాళ్ళకి ఏం చెప్పాలి, అన్నీ వరసగా తిరిగాయి. ఒక గంట కూర్చున్నాం.

ఆ గంటలో విన్నాను, సరిగా విన్నాను, అందరూ వేసే కేకని. "చేదుకో మల్లన్నా, ఆదుకో మల్లన్నా." చిన్నప్పటినుంచీ విన్న మాటే. ఆదుకో అంటే సరే. చేదుకో? బావిలోంచి చేదతో నీళ్ళు తోడటమే గదా చేదటం. ఆ గోతి అడుగున కూర్చుంటే ఆ మాటకి వేరే అర్థం చెప్పనక్కర్లేదు. మేమంతా నీళ్ళం, అది బావి, పైన ఎవరో గిలక దగ్గర నిలబడి ఉన్నారు. ఈ కేక ఎవరు కట్టారో గానీ, ఇక్కడ కూర్చునే కట్టి ఉంటారు. అమ్మతో అన్నాను. ఆవిడకి నా వ్యాకరణం పట్టలేదు. "మీ నాన్న గొంతు పెద్దది గదా, ఇక్కడ బాగా అరిచుంటాడు" అంది. ఇంట్లో నాన్న అరవగా నేనెప్పుడూ వినలేదు. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆయన గొంతు ఇంకా తగ్గేది.

అమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టింది. ఆ గోడ ఎక్కటానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. సగం దాటాక ఆవిడ కూడా అరవటం మొదలుపెట్టింది. మొదట మెల్లిగా, ఎవరన్నా నవ్వుతారేమోనన్నట్టు. తర్వాత నేను పక్కన ఉన్న సంగతి మర్చిపోయి. పైన కైలాసద్వారం దగ్గర చతికిలబడి, మజ్జిగ రెండు గ్లాసులు తాగి, "ఇదిరా సంగతి" అంది. "ఇక్కడ ఎంత అరిచినా ఎవరూ ఏంటని అడగరు."

హాటకేశ్వరం దగ్గర తారురోడ్డు తగిలింది. ఆ తర్వాత శ్రీశైలం, క్యూలు, లడ్డూలు, సత్రంలో చాప మీద నిద్ర. వాటి గురించి రాయటానికి పెద్దగా ఏమీ లేదు. దర్శనం పది సెకన్లు. మర్నాడు పాతాళగంగకి రోప్‌వే ఉన్నా అమ్మ మెట్లే దిగింది, పొడిగా ఉన్నవి లెక్కపెట్టటానికి. ఎక్కడనుంచి మొదలుపెట్టి లెక్కేసేవాడో నాన్న మాకు చెప్పలేదు. కాబట్టి మా అంకె ఎందుకూ పనికిరాదు. అయినా చీటీ మీద రాసుకుంది.

తిరుగు ప్రయాణంలో శిఖరం దగ్గర దిగాం. ఈ పీఠభూమిలో శిఖరం అని పేరున్న చోటు ఇదొక్కటే, 2,800 అడుగుల పైచిలుకు. తమాషా ఏమిటంటే ఇది గమ్యం కాదు. గుడి దీనికి చాలా కింద ఉంది. ఇక్కడికి ఎక్కేది ఆ గుడి గోపురాన్ని దూరంనుంచి చూడటానికి. నంది మీద నువ్వులు పోసి, కొమ్ముల సందులోంచి చూడాలి. గోపురం కనపడితే పునర్జన్మ ఉండదు. క్యూలో మా ముందువాళ్ళు కళ్ళు చికిలించి, కనపడిందని ఒకరు, మబ్బుగా ఉందని ఒకరు. మా వంతు వచ్చేసరికి అమ్మ పక్కకి తప్పుకుంది.

"చూడమ్మా."

"వద్దులే. మీ నాన్న ఇక్కడిదాకా వచ్చి కూడా ఎప్పుడూ చూళ్ళేదంట. ఆ ఒక్క ముక్క మాత్రం నాకు చెప్పాడు. బాకీలు పెట్టుకుని ఇది చూడగూడదంట, ఎగ్గొట్టినట్టవుద్దంట."

నాన్న పోయిన ఏడాదే సొసైటీ అప్పు, బయటి అప్పులు అన్నీ కట్టేశాను. ఆ కాగితాలు బీరువాలో ఉన్నాయి. "ఇప్పుడు ఎవరికీ బాకీ లేదు గదమ్మా" అన్నాను.

"నీ ఫ్లాటు లోను ఎన్నేళ్ళుందీ?"

"పధ్నాలుగు."

"అయితే నువ్వూ చూడమాక. పద, బస్సొచ్చే టైమయింది" అని, కొంగున కట్టుకున్న నువ్వులు విప్పి వెనకాల నిలబడ్డ ముసలాయన చేతిలో పోసింది.